మూషిక సంతానరహస్యము



ఎలుకను సంస్కృతమున మూషికమందురు. ముష్ అను ధాతువునకు దొంగిలించుట యని యర్థము. చీకటిలో గాదె తొలిచి గింజ నెత్తుకొనిపోవు ప్రాణికి పూర్వులు తగిన పేరే పెట్టిరి. లాటిను భాషలో చిట్టెలుకకు గల మస్ అను పేరు మన మూషికమునకు దాయాది. ఇంగ్లీషువారు పెద్దజాతి ఎలుక నొకదానిని బాండికూట్ అందురు. ఆ మాట మన పందికొక్కునుండి పుట్టినది. పందికొక్కు మన గింజలను దోచుకొనగా, దాని పేరును ఇంగ్లీషువారు మననుండి గైకొనిరి. శాస్త్రజ్ఞులు ఆ పేరునే బాండికోటా యని దిద్ది ఆ ప్రాణివర్గమునకు స్థిరపఱచిరి.

ఈ జాతి బలము దాని పంటిలో కంటె దాని సంతతిలో నున్నది. ఇంటి చిట్టెలుక చూలు మోయు కాలము సుమారు 20 దినములు. ఈతకు 5 మొదలు 8 పిల్లల వఱకు పెట్టును. పుట్టిన ఆడుపిల్ల రెండు నెలలలోపుననే చూలుకు వచ్చును. ఉచ్చులు, బోనులు, పొగ, విషము మొదలగువానితో ఎలుకలను చంపు నుపాయములు మనుష్యుడు చిరకాలము క్రిందటనే నేర్చెను. అయినను చావగా మిగిలినవి కొలదియే యైనను, కొలది మాసములలో మరల మందలగుచున్నవి. కావున చంపుటకు మాఱుగా పుట్టుకనే నిలుపరాదా యను తలంపు ఇరువదవ శతాబ్దమున విద్వాంసులకు కలిగినది. ఆ తలంపు ఎట్లు పుట్టినదో, ఎంతవఱకు పోయినదో, ఎచ్చట చిక్కుకొన్నదో చెప్పుటయే నేటి నా ప్రసంగము. విషయము సంతానోత్పత్తికి సంబంధించినదైనను, ఏటేట పశువుల ఈతలు చూచు కర్షకులకు ఇందు సంకోచింపవలసినది లేదు.

మొదట ఈ జ్ఞానము లోకమునకు ఎట్లు లభించినదో వినుడు. హాలెండు దేశమున డెల్ఫ్ట్ నగరమునందు బట్టల వర్తకుడైన లీవెన్‌హుక్ అనునతడు తాను స్వయముగా సానపట్టిన గాజుబిళ్లతో 1677వ సంవత్సరమున వీర్యమును పరీక్షించి, అందు తోకలు గల సూక్ష్మప్రాణులవంటివి ఈదుచుండుట చూచెను. అవే శుక్రకణములు. సుమారు నూఱు సంవత్సరముల పిమ్మట ఇటలీ దేశపు మతగురువు స్పలంజాని మగకప్పలకు గుడ్డలాగులు తొడిగి, వీర్యము తగులని గ్రుడ్లు పొదుగవని ఋజువు చేసెను. 1827లో ఫాన్ బేయర్ అను విద్వాంసుడు ఆడుకుక్క అండాశయమును శోధించి, క్షీరదములకును అండము గలదని కన్నులార చూచి ప్రకటించెను. 1876లో జర్మనుడైన హెర్ట్‌విగ్ సముద్రములోని ముళ్ల ప్రాణియందు అండము, శుక్రకణము వీని గర్భబీజములు రెండును ఒకటియగుట గమనించెను. ఇట్లు ఒక్కొక్క మెట్టు ఎక్కుటకు రెండు వందల యేండ్లు పట్టినవి.

అటుపిమ్మట ఎలుకజాతి ప్రాణులు విద్వాంసులకు గురువులైనవి. 1951లో అమెరికాలో చాంగ్ అను చీనా విద్వాంసుడును, ఆస్ట్రేలియాలో ఆస్టిన్ అను విద్వాంసుడును ఒకరికొకరు తెలియకయే ఒక సంగతి కనుగొనిరి. శుక్రకణము పుట్టినవెంటనే అండమును ఫలింపజేయజాలదు. ఆడుప్రాణి గర్భమార్గమున కొంతకాలము నిలిచి పక్వము కావలయును. ఆస్టిన్ దీనిని ఎలుకలయందును, కుందేళ్లయందును చూచెను. 1963లో యానగిమాచి యను జపాను విద్వాంసుడు చాంగుతో కూడి, హామ్‌స్టర్ అను ఎలుకజాతి ప్రాణి అండమును గాజుపాత్రలోనే ఫలింపజేసెను. 1968లో విట్టింగ్‌హామ్ అనునతడు చిట్టెలుకయందు ఆ కార్యమునే సాధించెను.

1976లో యానగిమాచియు నాతని తోడివారును చేసిన పరీక్ష మఱింత చిత్రమైనది. క్షీరదముల అండమునకు చుట్టును గాజువలె తెల్లనైన యొక పొర యుండును. దానిని మనము అండకవచమందము. హామ్‌స్టర్ అండమునకు ఈ కవచమున్నంత వఱకు మనుష్యుని శుక్రకణము దానిని అంటజాలదు. వారు ఆ కవచమును కరగించి తొలగింపగా, మనుష్యుని శుక్రకణము లోనికి చొచ్చుకొనిపోయెను. అందుండి యే ప్రాణియు పెరుగలేదు. కాని యొక సత్యము మాత్రము వెల్లడియైనది. పరజాతి బీజమును గడప దాటనీయక నిలుపు ద్వారపాలకుడు ఆ కవచమేయని తేలినది.

ఆ ద్వారపాలకుడు ఎట్టివాడు? 1980లో అమెరికాలో బ్లైల్, వాసర్‌మన్ అను నిరువురు చిట్టెలుక అండకవచమును విడదీసి, అందు మూడు ప్రోటీనులున్నవని చూపిరి. మాంసమునందు, పప్పులయందు గల పుష్టికర పదార్థమే ప్రోటీను అని మీరు వినియుందురు. అది నిజమే. కాని దేహములోని సూక్ష్మమైన పనిముట్లలో అధికభాగము సహితము ప్రోటీనులే. ఒక్కొక్కటి యొక్కొక్క ఆకారమున చుట్టుకొని, తన ఆకారమునకు తగిన పని చేయుచుండును. కవచమందలి మూడవ ప్రోటీను శుక్రకణమును పట్టుకొనునదియని వారు చెప్పిరి. తరువాతి కాలమున జూరియన్ డీన్ మొదలగువారు పరిశోధించి, ఆ పట్టునందు రెండవ ప్రోటీనుకు ముఖ్యస్థానము గలదని చూపిరి. శుక్రకణ మొకటి లోపల ప్రవేశించినతోడనే ఆ రెండవ ప్రోటీను తెగిపోవును. ఇక మఱియొక శుక్రకణము అంటుటకు వీలులేదు. ఇంటికి రావలసిన అతిథి వచ్చినంతనే గడియ వేసినట్లు ఆ ద్వారము మూతపడును.

కవచము దాటిన తరువాత మఱియొక జత ప్రోటీనుల పని గలదు. 2005లో జపాను విద్వాంసులు చిట్టెలుక శుక్రకణముపై నొక ప్రోటీనును కనుగొని, తమ దేశమున వివాహములకు ప్రసిద్ధి గాంచిన దేవాలయమును స్మరించి ఇజూమో యని పేరిడిరి. 2014లో ఇంగ్లాండు విద్వాంసులు అండముపై దానికి జతయైన ప్రోటీనును గుర్తించి, రోమనుల వివాహదేవత పేర జూనో యనిరి. ఇజూమో లేని మగ చిట్టెలుకయు, జూనో లేని ఆడు చిట్టెలుకయు తిని తిరిగి సుఖముగానే జీవించును. పిల్లలు మాత్రము కలుగవు. దేశములు వేఱైనను రెండు జాతులవారును పేరు పెట్టుటకు పెండ్లి దేవతలనే తలచుట మనకు వింత కాదు.

ఇక జన్యువుల మాట. ప్రతి ప్రోటీనును ఎట్లు నిర్మింపవలయునో తెలుపు వ్రాత దేహమునందు గలదు. ఆ వ్రాతకే జన్యువని పేరు. పూర్వము గ్రామకరణము కవిలెకట్టలో ఊరి భూములన్నిటి లెక్కలును వ్రాయబడియుండెడివి. అయినను ఏ రైతు పని పడినప్పుడు ఆ రైతు పుటనే విప్పెడివారు. దేహమందలి కణములన్నిటిలో దాదాపుగా ఆ కవిలెయంతయు నున్నది; కాని కాలేయము విప్పు పుటలు వేఱు, కన్ను విప్పు పుటలు వేఱు. కవచప్రోటీనుల పుట విప్పబడునది ఆడుప్రాణి అండాశయమున పెరుగుచున్న అండమునందే. ఇజూమో పుట విప్పబడునది మగప్రాణి వృషణమునందే. 1996లో మూడవ కవచప్రోటీను జన్యువును చెఱచి విద్వాంసులు పెంచిన ఆడు చిట్టెలుకలు ఆరోగ్యముగా నుండెను గాని వాని అండములకు కవచము లేకపోయెను; అవి పిల్లలు పెట్టలేదు.

ఈ జన్యువులకు మఱియొక లక్షణము గలదు. అది చరిత్రకారునికి మిక్కిలి యాసక్తి గలిగించునది. దేహములోని జన్యువులలో అనేకములు కోట్ల సంవత్సరములైనను ఇంచుమించుగా మాఱక నిలుచును. సంతానకార్యమునకు సంబంధించిన జన్యువులలో పెక్కులు త్వరత్వరగా మాఱుచుండును. 2001లో స్వాన్‌సన్ మొదలగువారు కొన్ని క్షీరదముల జన్యువులను ప్రక్కప్రక్కన నుంచి పోల్చి, రెండవ మూడవ కవచప్రోటీనులయందు మార్పును ప్రకృతియే యేఱికోరి నిలుపుచున్నదని చూపిరి. 2006లో టర్నర్, హోక్‌స్ట్రా అను నిరువురు విదుషీమణులు అమెరికా దేశపు జింక చిట్టెలుకల యందు అదే సంగతిని గమనించిరి. అంతకుముందు 2002లో చిట్టెలుక జన్యుసంపుటము ప్రకటింపబడినది. మనుష్యవంశమును, చిట్టెలుకవంశమును విడిపోయి సుమారు ఏడున్నర కోట్ల సంవత్సరములైనది. ఆ పిమ్మట చిట్టెలుక వంశమున ప్రత్యేకముగా పెంపొందిన జన్యుకుటుంబములలో అధికభాగము సంతానోత్పత్తికి, వాసన పట్టుటకు, రోగనిరోధమునకు సంబంధించినవేయని ఆ సంపుటము తెలిపెను.

మూలమైన ద్వారమే ఇట్లు నిలుకడ లేక మాఱుట యెందులకు? కారణము పోటీ యని విద్వాంసుల యభిప్రాయము. పెక్కుజాతులలో ఆడు చిట్టెలుక ఒకే ఋతుకాలమున పలు మగవానితో కూడును. అప్పుడు ఆ మగవాని శుక్రకణములకు నడుమ పందెము జరుగును. వేగమైనదే వంశము నిలుపును. అండమునకు మాత్రము అతివేగము ప్రమాదము. రెండు శుక్రకణములు ఒక్కమాఱు చొచ్చెనా పిండము నశించును. కావున అది తలుపును బిగించుచుండును, ఇవి తలుపును త్రోయుచుండును. పొరుగు రైతు గట్టు కొంచెమెత్తు చేసెనేని, తన చేనిలోనికి నీరు రాకుండుటకు ఇవతలి రైతును తన గట్టు నెత్తు చేయును. మరుసటి యేట అతడు మఱికొంత యెత్తును. ఎవ్వరును గెలువరు, గట్లు మాత్రము పెరుగుచుండును. 2010లో ఫిషర్, హోక్‌స్ట్రా ప్రకటించిన పరిశోధన దీనిని బలపఱచినది. ఆడుది పలు మగవానితో కూడు జింక చిట్టెలుక జాతియందు ఒక మగదాని శుక్రకణములు తమవారిని గుర్తించి గుంపుగా కూడి ఈదును. దానికి దగ్గఱి చుట్టమైన మఱియొక జాతి యేకపత్నీవ్రతము గలది. అందు శుక్రకణములకు తమ పరభేదము లేదు. పోటీ లేనిచోట పక్షపాతముతో పని యేమి?

అయితే కవచమొక్కటియే జాతిభేదమును నిలుపుచున్నదని తొందరపడి చెప్పరాదు. వాసన, నడవడి, ఋతువు, నివాసము ఇవన్నియు కావలివాండ్రే. మిక్కిలి దగ్గఱి జాతుల నడుమ కవచము కొంత సడలియుండుటయు కలదు.

ఇప్పుడు మన తొలిప్రశ్నకు రండు. కవచప్రోటీను అండమునందు తప్ప దేహమున మఱెచ్చటను లేదు. అది చెడినను ప్రాణికి బాధ లేదు. సంతానము మాత్రము నిలిచిపోవును. ఎలుకల పుట్టుకను ఆపదలచినవారికి ఇంతకంటె తగిన స్థానము దొరకునా? 1989లో అమెరికా విద్వాంసులు మూడవ కవచప్రోటీనునందలి చిన్న తునకను కృత్రిమముగా చేసి ఆడు చిట్టెలుకలకు టీకాగా వేసిరి. దేహము ఆ తునకను శత్రువుగా నెంచి, తన అండకవచముపైననే నిరోధకములను పంపినది. చిట్టెలుకలు చాలకాలము గొడ్డువోయినవి. కాని చేనిలోని చిట్టెలుకలను ఒక్కొక్కదానిని పట్టి సూది వేయుట యెవరితరము?

ఈ చిక్కును విడదీయుటకు ఆస్ట్రేలియా దేశమువారు పూనుకొనిరి. ఆ ఖండమునందు ఇంటి చిట్టెలుక స్వదేశజాతి కాదు. ఐరోపావారి యోడలతో వచ్చిన పరదేశి. అచ్చటి గోధుమ పొలములలో అనుకూలమైన యేడు వచ్చెనేని అవి నేలయీనినట్లు విజృంభించును. 1917లో మహాయుద్ధమువలన ఓడలు దొరకక నిలువయుంచిన గోధుమ రాసులపై అవి పడి అపారనష్టము చేసెను. 1993లోను, మరల 2021లోను అట్టి యుపద్రవములే కలిగినవి. అందుచేత కాన్‌బెర్రా నగరమందలి విద్వాంసులు చిట్టెలుకలకు మశూచివంటి వ్యాధి కలిగించు ఎక్ట్రోమీలియా యను వైరస్ లోనికి చిట్టెలుక మూడవ కవచప్రోటీను జన్యువును చేర్చిరి. వైరస్ ఒకదానినుండి మఱియొకదానికి తానే సోకుచు టీకా పని చేయునని వారి యూహ. 1998లో వారు ప్రకటించిన ఫలితము ఆశాజనకముగానే యుండెను. వైరస్ సోకిన ఆడు చిట్టెలుకలు పెక్కు మాసములు గొడ్డువోయెను.

ఆ పిమ్మట జరిగిన సంగతి వినదగినది. నిరోధకములను ఇంకను పెంచవలయునను కోరికతో, జాక్సన్, రామ్‌షా మొదలగు ఆ విద్వాంసులు ఇంటర్‌ల్యూకిన్-4 అను మఱియొక చిట్టెలుక జన్యువును అదే వైరస్ లోనికి చేర్చిరి. 2001లో వారు ప్రకటించిన ఫలితము లోకమును కలవరపఱచినది. ఆ వ్యాధిని సహజముగా తట్టుకొనగల జాతి చిట్టెలుకలును చచ్చినవి. ముందుగా టీకా పొందియుండినవానిలో సైతము అనేకములు చచ్చినవి. గొడ్రాలిని చేయవలెనని యెత్తిన సాధనము చంపు సాధనమైనది. ఆ వైరస్ మనుష్యులకు సోకునది కాదు. కాని అది మశూచికి చుట్టము. ఈ విద్య దుష్టుల చేత పడినచో నేమగునను భయము ప్రభుత్వములకు పట్టుకొన్నది. 1980లో భూమిపైనుండి నిర్మూలమైనట్లు ప్రకటింపబడిన మశూచి బాధను కన్నులార చూచిన వృద్ధులకు ఈ భయము నేను వివరింపనక్కఱలేదు.

తరువాత పెర్త్ నగరమువారు చిట్టెలుకలకే సోకు వేఱొక సాధువైన వైరస్‌ను వాహనముగా గ్రహించి, 2003లో పరిశోధనాలయమున ఒక్క మోతాదుతో వానిని గొడ్డువోవజేసిరి. కాని జన్యువును మోయుచున్న ఆ వైరస్ ఒకదానినుండి మఱియొకదానికి తగినంతగా సోకలేదు. ఆ ప్రయత్నము పొలమునకు చేరకయే నిలిచిపోయెను. 2022లో ఆస్ట్రేలియాలోని అడిలేడ్ విశ్వవిద్యాలయమువారు మఱియొక మార్గము త్రొక్కిరి. చిట్టెలుకలలో టీ యను వంశఖండ మొకటి కలదు; దాని జాడను 1927లోనే పారిసు నగరమున డోబ్రోవోల్‌స్కాయా యను విదుషి పొట్టితోక చిట్టెలుకలయందు కనుగొనెను. న్యాయముగా తండ్రి ఖండము సగము బిడ్డలకే రావలయును. ఈ ఖండము గల మగదానికి పుట్టిన పిల్లలలో నూటికి తొంబది వంతుల వఱకును ఇదియే సంక్రమించును. ఏలయనగా ఇది తోడి శుక్రకణములను కుంటుపఱచి తన్ను మోయుదానినే ముందు నడపును. అడిలేడువారు దీనికి ఆడువాని సంతానశక్తికి ఆవశ్యకమైన ప్రొలాక్టిన్ జన్యువును తెగగొట్టు సాధనమును జోడించిరి. ఇది పరిశోధనాలయమునందును, గణితమునందును మాత్రమే పరీక్షింపబడినది.

ఈ చరిత్రవలన మనము గ్రహింపవలసిన దేమి? విద్వాంసులు ఎన్నుకొన్న ద్వారము అన్ని ద్వారములలో మిక్కిలి చంచలమైనది. కోట్ల యేండ్లుగా తాళము మాఱినకొలది తాళపుచెవి మాఱుచు వచ్చినది. మనుష్యుడు వేసిన క్రొత్త గడియకు లొంగని చిట్టెలుక నూటికొక్కటి యున్నను, రేపటి సంతతికి మూలపురుషుడు అదియే యగును. విషమునకు అలవాటుపడిన ఎలుకల సంగతి మీ రెఱుగనిది కాదు.

మఱియొకటి గలదు. ఆస్ట్రేలియాకు చిట్టెలుక పరదేశి. మస్ వర్గపు స్వదేశజాతి యచ్చట లేదు. మన దేశమో ఆ వర్గమునకు పుట్టినిండ్లలో నొకటి. మన పొలములలో తిరుగు మస్ బూడుగా యను చిన్ని చిట్టెలుక మొదలుగా దానికి చుట్టములనేకము గలవు. గుడ్లగూబకును, పామునకును, ముంగిసకును అవి యాహారము. అచ్చట వదలిన సోకుడు సాధనము ఓడలో దాగి యిచ్చటికి వచ్చెనేని, అది దొంగను మాత్రమే పట్టునో, ఊరివారినందఱను పట్టునో యెవరు చెప్పగలరు? పైగా మన కృష్ణా గోదావరి మండలములలో వరికి ముఖ్యశత్రువు చిట్టెలుక కాదు, చిన్నజాతి పందికొక్కు. దాని తాళము వేఱు.

ఈ విద్యను నేను నిరసించుట లేదు. పై పరిశోధనలవలననే మనుష్యుల గొడ్డుతనమునకును చికిత్స దొరకినది. హామ్‌స్టర్ అండమును ఫలింపజేసిన గాజుపాత్రయే తరువాత ఎందఱో దంపతులకు సంతానమిచ్చెను. కాని యెప్పుడైన నొకరు మీ గ్రామమునకు వచ్చి, ఎలుకలను గొడ్డువోవజేయు మందు తెచ్చితిమని చెప్పినచో, గ్రామపెద్దలు మూడు ప్రశ్నలడుగవలయును. ఇది ఏ జాతికి తగులును, ఏ జాతికి తగులదు? ఇది మందువలె తిన్నదానితో ముగియునా, వ్యాధివలె తానే పాకునా? పాకునదైనచో, వలదనుకొన్నప్పుడు దానిని వెనుకకు పిలుచు నుపాయమేది? మూడవ ప్రశ్నకు ఉత్తరము దొరకువఱకు పొలిమేర దాటనీయకుడు.

అంతవఱకు మనకు తెలిసిన పని యున్నది. ఒక్క రైతు తన చేనిలో మాత్రము ఎలుకలు పట్టిన లాభము లేదు. పొరుగు చేనివి రాత్రికే వచ్చును. నాట్లు పడిన తొలిదినములలో, పైరు పొట్టకు రాకముందే, ఊరివారందఱు ఒక్కమాఱుగా కలుగులు త్రవ్వవలయును. గట్లు సన్నముగా నుంచిన పందికొక్కునకు కలుగు త్రవ్వ వీలుండదు. గుడ్లగూబను అపశకునమని రాళ్లతో కొట్టక, చెట్టుతొఱ్ఱలో నుండనీయుడు. అది మన గింజ ముట్టదు, మన గింజ దొంగను వదలదు.